హైదరాబాద్‌లో ఉంటూ మన వంతుగా ఏం చేయొచ్చు? తరచుగా అడిగే ప్రశ్నలు

కాలనీ సంఘం మీటింగుల్లో, రక్తదాన శిబిరాల దగ్గర, అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగి తిరిగి వచ్చే ప్రశ్నలివి. కొన్నింటికి ఒక్క మాటలో జవాబు సరిపోయింది, కొన్నింటికి చాలా రాయాల్సి వచ్చింది. ఇవన్నీ ఒక్కరే చేయాలని ఎవరూ అనరు. మీ ఓపికకు, మీ ఇంటికి దగ్గర్లో ఉన్న అవసరానికి కుదిరేది ఒకటి పట్టుకుని వదలకుండా చేయడమే కావాల్సింది.

మాలాంటి మామూలు ఉద్యోగస్తులు దేశానికి చేసేదేముంటుంది?

రాజ్యాంగంలో 51ఎ అధికరణ ఒకసారి చదవండి. 1976లో 42వ సవరణతో పది ప్రాథమిక విధులు చేర్చారు. 2002లో పదకొండోది కలిసింది, ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్ని తల్లిదండ్రులు చదివించాలని. దేశరక్షణకు పిలిస్తే రావాలన్న మాట అందులో ఉంది. కానీ చెరువులు, అడవులు, ప్రజల ఆస్తి, సోదరభావం, శాస్త్రీయ దృష్టి లాంటి రోజువారీ సంగతులే ఎక్కువ. వీటిని పాటించలేదని కోర్టు నేరుగా శిక్ష వేయదు. అందుకే స్కూల్లో పరీక్ష రాసి మర్చిపోతాం.

పొద్దున పోతే రాత్రికి వస్తాను. టైమే లేదు. నేనేం చేయగలను?

మూడు నెలలకోసారి ఒక పూట దొరుకుతుందా? దొరికితే రక్తం ఇవ్వండి. ఆఫీసు దారిలో బ్లడ్ బ్యాంకు ఉంటే ఇంకా సులువు. వెళ్లి ఫారం నింపి, రక్తం ఇచ్చి, ఇచ్చిన జ్యూస్ తాగి బయటికి రావడానికి గంట పడుతుంది.

రక్తం ఎవరు ఇవ్వచ్చు?

18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, కనీసం 45 కిలోల బరువు, హిమోగ్లోబిన్ 12.5 ఉంటే ఇవ్వచ్చు. మగవాళ్లు 90 రోజులకోసారి, ఆడవాళ్లు 120 రోజులకోసారి. బరువును బట్టి 350 లేదా 450 మిల్లీలీటర్లు తీస్తారు. కొత్తగా టాటూ వేయించుకుంటే ఏడాది ఆగాలి. ఖాళీ కడుపుతో మాత్రం వెళ్లకండి. కళ్లు తిరిగి పడేవాళ్లలో టిఫిన్ మానేసి వచ్చినవాళ్లే ఎక్కువ. ఉపవాసం ఉన్న రోజైతే ఇంకోరోజు పెట్టుకోండి.

పంద్రాగస్టుకు మా ఆఫీసులో క్యాంపు పెడతారు. అప్పుడు ఇస్తే చాలదా?

ఇవ్వండి, మంచిదే. కానీ లెక్క చూడండి. ఎర్ర రక్తకణాలు నిల్వ ఉండేది 35 నుంచి 42 రోజులు. ప్లేట్‌లెట్లు ఐదు రోజులే. జాతీయ పండుగలకు, నాయకుల పుట్టినరోజులకు ఊరంతా క్యాంపులు పెట్టి ఒకేసారి సీసాలకు సీసాలు ఎత్తితే, ఆ రక్తం వేసవికి మిగలదు. ఏప్రిల్, మే నెలల్లో కాలేజీలకు సెలవులు. ఎండకు భయపడి బయటి జనం కూడా రారు. ఆపరేషన్లు, ప్రసవాలు, యాక్సిడెంట్లు మాత్రం ఆగవు. నిజంగా సాయం చేయాలనుకుంటే మే నెలలో ఒక రోజు ఎంచుకోండి. ఆ రోజు ఫొటో తీసేవాళ్లుండరు, బ్యానర్ ఉండదు, అంతే తేడా.

తలసేమియా అనే పుట్టుకతో వచ్చే రక్తజబ్బు ఉన్న పిల్లల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. వాళ్లకు రెండు నుంచి నాలుగు వారాలకోసారి, బతికినన్నాళ్లూ రక్తం ఎక్కించాలి. మన ఊళ్లో 1998 నుంచి వాళ్ల కోసమే తలసేమియా అండ్ సికిల్ సెల్ సొసైటీ పనిచేస్తోంది. అలాంటి చోట ఒకసారి రక్తం ఎక్కించే వార్డు చూస్తే చాలు: చేతికి సూది, పక్కన హోంవర్క్ పుస్తకం, సంచిలో రక్తం అయిపోయేదాకా అమ్మ ఫోన్‌లో కార్టూన్లు. వాళ్లకు పండుగ క్యాంపుల రద్దీతో పని లేదు, ఏడాది పొడవునా వచ్చే దాత కావాలి.

ఇంకో మాట. పెళ్లికి ముందు అమ్మాయీ అబ్బాయీ ఇద్దరూ హెచ్‌బీఏ2 అనే రక్తపరీక్ష చేయించుకోవచ్చు. ఇద్దరూ తలసేమియా క్యారియర్లయితే, అంటే తమకు జబ్బు లేకపోయినా దాని జన్యువు ఉన్నవాళ్లయితే, ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నూటికి పాతిక. జాతకాలు చూపించుకునే ఓపిక ఉన్న మనవాళ్లకు ఈ పరీక్షకు ఓపిక లేకపోవడం నాకు అర్థం కాదు.

వాట్సాప్‌లో "అర్జెంట్, ఓ నెగటివ్ కావాలి" అని వస్తుంది. ఫార్వర్డ్ చేయాలా?

ముందు తేదీ ఉందో లేదో చూడండి. లేకపోతే ఆ నంబరుకు ఫోన్ చేసి, ఇంకా కావాలా అని అడిగి పంపండి. డెంగీ సీజన్లో ప్లేట్‌లెట్ల మెసేజ్‌లు నెలల తరబడి తిరుగుతూనే ఉంటాయి. పేషెంటు ఇంటికి వెళ్లిపోయాక కూడా ఆ ఇంటివాళ్లకు ఫోన్లు ఆగవు. అవసరం తీరిన తర్వాత "దొరికింది, ధన్యవాదాలు" అని అదే గ్రూపుల్లో పెట్టడం కూడా ఒక సాయమే. రక్తానికి డబ్బులు అడిగే దాతల్ని నమ్మకండి. రక్తం అమ్ముకోవడం 1998 నుంచి దేశంలో నిషేధం. బ్లడ్ బ్యాంకు తీసుకునేది పరీక్షలకు, నిల్వకు అయ్యే ఛార్జీ మాత్రమే.

నేత్రదానానికి, అవయవదానానికి కార్డు తీసుకున్నా. ఇక నా పని అయిపోయినట్టేనా?

సగం అయింది. మిగతా సగం ఇంట్లో చెప్పడం. మీ సంతకం ఉన్నా, ఆ రోజు మీ ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే జరుగుతుంది. కాబట్టి భార్యకో, భర్తకో, పిల్లలకో మీ కోరిక స్పష్టంగా చెప్పండి. "శుభమా అంటూ ఇప్పుడా మాటలేంటి" అని కసురుకుంటారు. అయినా చెప్పాలి.

చనిపోయాక ఆరు గంటల్లోపు కళ్లు తీసుకోవాలి. కంటి బ్యాంకుకు ఫోన్ చేశాక, వాళ్లు వచ్చేదాకా చేయాల్సింది ఇంతే: కనురెప్పలు మూసి పైన తడి దూది పెట్టడం, ఫ్యాన్ ఆపేయడం, తల కింద దిండు పెట్టి కాస్త ఎత్తుగా ఉంచడం. వాళ్లే ఇంటికొస్తారు, పని అరగంటలోపే అయిపోతుంది, ముఖం వికారంగా మారదు. కళ్లద్దాలున్నా, శుక్లాల ఆపరేషన్ అయినా, షుగర్ ఉన్నా ఇవ్వచ్చు. బంజారాహిల్స్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆస్పత్రికి సొంత కంటి బ్యాంకు ఉంది.

అవయవాల సంగతి వేరు. అది బ్రెయిన్ డెడ్ అయిన సందర్భంలో ఆస్పత్రిలోనే జరుగుతుంది. నలుగురు డాక్టర్ల బృందం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించి నిర్ధారిస్తుంది. మన రాష్ట్రంలో దీన్ని చూసేది జీవన్‌దాన్ అనే ప్రభుత్వ కార్యక్రమం. అవయవం ఎవరికి వెళ్లాలో అక్కడి వెయిటింగ్ లిస్టును బట్టి తేలుతుంది. మనం ఫలానావాళ్లకు ఇవ్వమని చెప్పడం కుదరదు.

హైదరాబాదీలు ఓటు వేయరని అందరూ తిడతారు. నిజమేనా?

నిజమే. 2020 జీహెచ్‌ఎంసీ ఎన్నికల్లో పోలింగ్ 46.55 శాతం. 2024 లోక్‌సభ ఎన్నికల్లో రాష్ట్రం మొత్తం మీద 65 శాతం దాటితే, హైదరాబాద్ స్థానంలో 48.48 దగ్గరే ఆగింది. అయితే అందరూ బద్ధకంతోనే ఆగిపోయారనుకోవడం తప్పు. ఈ ఊళ్లో చాలామంది అద్దె ఇళ్లవాళ్లు. ఇల్లు మారతారు, ఓటు పాత గల్లీలోనే ఉండిపోతుంది. ఇంకొందరికి ఓటు సొంతూళ్లో ఉంటుంది. పోలింగ్‌కు ముందురోజు ఎంజీబీఎస్‌లో, ఎల్బీనగర్ కూడలిలో బస్సుల కోసం ఎగబడే జనాన్ని చూడండి, వాళ్లంతా ఓటు వేయడానికే పోతున్నారు.

ఇల్లు మారితే ఫారం 8 నింపాలి. కొత్త ఓటుకు ఫారం 6. జనవరి 1తో పాటు ఏప్రిల్ 1, జూలై 1, అక్టోబర్ 1 నాటికి 18 నిండినవాళ్లు కూడా ఇప్పుడు పేరు నమోదు చేసుకోవచ్చు, ఏడాదంతా ఆగక్కర్లేదు. సందేహాలుంటే 1950కి ఫోన్ చేయండి. రెండు చోట్ల ఓటు పెట్టుకోవడం చట్టం ఒప్పుకోదు. పోలింగ్ రోజు ఉదయం జాబితాలో పేరు లేదని గొడవపడేవాళ్లలో చాలామంది నెల ముందు ఒక్కసారి చూసుకుని ఉంటే సరిపోయేది.

రోడ్డు మీద గుంత ఉంది. ఎవరికి చెప్పాలి? చెప్పినా ఎవరూ పట్టించుకోరు కదా?

మునిసిపల్ కాల్ సెంటర్ 040-21111111. డ్రైనేజీ, నల్లా నీళ్లకు జలమండలి 155313. కరెంటుకు 1912. ఫోన్ చేశాక ఫిర్యాదు నంబరు తీసుకోవడం మర్చిపోవద్దు. ఆ నంబరు లేకుండా రెండోసారి వెళ్తే మళ్లీ మొదటికొస్తుంది.

పట్టించుకునేలా చెప్పడం కూడా ఒక విద్యే. "మా ఏరియాలో రోడ్లన్నీ నాశనం" అని రాస్తే ఏ అధికారికీ ఏం చేయాలో తెలియదు. వీధి నంబరు, దగ్గర్లోని గుర్తు, గుంత ఎంత వెడల్పు, ఎప్పటి నుంచి ఉంది, పగటిపూట తీసిన ఫొటో: ఈ నాలుగైదు ఉంటే చాలు. ఒకే అర్జీలో పది సమస్యలు కలపకండి, ఏ శాఖది ఆ శాఖకే వెళ్లాలి. సోమవారం ప్రజావాణికి వెళ్తే రెండు కాపీలు పట్టుకెళ్లి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండి. పది మంది సంతకాలుంటే ఆ కాగితానికి బరువు పెరుగుతుంది.

మన ఊళ్లో రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన, భార్యతో కలిసి కారులో తారు మిశ్రమం వేసుకుని తిరుగుతూ ఏళ్ల తరబడి గుంతలు పూడ్చారు. ఆయనకు దండం పెట్టాలి. కానీ అందరూ అలా చేయాలని నేను చెప్పను. పన్ను కట్టేది ఆ పని చేయించుకోవడానికే, వెంటపడి చేయించడం కూడా సేవే.

సమాచార హక్కు దరఖాస్తు ఎలా రాయాలి?

"ఎందుకు" అని అడగకండి. ఎందుకు అన్నదానికి "రికార్డులో లేదు" అని రాసి పంపేస్తారు. కాగితాలు అడగండి. ఉదాహరణకు, వేసిన ఏడాదికే పెచ్చులూడిన సీసీ రోడ్డు గురించి ఇలా:

"మా కాలనీ 3వ నంబరు వీధిలో వేసిన సీసీ రోడ్డు పనికి సంబంధించి కింది కాగితాల నకళ్లు ఇప్పించగలరు. 1. మంజూరు ఉత్తర్వు. 2. అంచనా పత్రం. 3. కాంట్రాక్టరుతో ఒప్పందం. 4. మెజర్‌మెంట్ బుక్‌లో ఈ పని నమోదైన పేజీలు. 5. నాణ్యత పరీక్ష నివేదిక."

పైన "ప్రజా సమాచార అధికారి" అని, ఆఫీసు పేరు, కింద మీ చిరునామా, సంతకం. రుసుము పది రూపాయలు, పోస్టల్ ఆర్డర్ జతచేస్తే సరిపోతుంది. తెల్లకార్డు ఉన్నవాళ్లు దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నట్టు ఆధారం పెడితే రుసుము లేదు. 30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోతే 30 రోజుల్లోపు అదే ఆఫీసులో పై అధికారికి మొదటి అప్పీలు, అక్కడా కాకపోతే 90 రోజుల్లోపు సమాచార కమిషన్‌కు. చాలామందికి తెలియని సంగతి, 2005 చట్టం ప్రకారం పనిని వెళ్లి చూసే హక్కు, వాడిన సామాన్ల నమూనా తీసుకునే హక్కు కూడా ఉన్నాయి. ఒప్పందంలో ఆ రోడ్డుకు కాంట్రాక్టరు బాధ్యత ఎన్నేళ్లో రాసుంటుంది. గడువు మిగిలుంటే ఆ పేజీ చూపించి మళ్లీ వేయమని అడగొచ్చు.

వానాకాలంలో మేం చేయగలిగేది ఏమైనా ఉందా?

చాలా ఉంది. అన్నిటికన్నా ముందు, చేయకూడనిది చెప్తాను. వీధిలో నీళ్లు నిలిచాయని మ్యాన్‌హోల్ మూత మీరు తీయకండి, తీసేవాళ్లను ఆపండి. నీళ్లు త్వరగా పోతాయని ఎవరో మంచి మనసుతోనే తీస్తారు. మోకాలి లోతు నీళ్లలో ఆ రంధ్రం కనబడదు. నడిచొచ్చే మనిషి ఒక్క అడుగులో మాయమవుతాడు. మూత లేనిది కనబడితే పొడవాటి కట్టెకు ఎర్రగుడ్డ కట్టి, బారికేడ్ లాంటిది ఏదైనా అడ్డంపెట్టి, 155313కి ఫోన్ చేసి, ఎవరో ఒకరు అక్కడే నిలబడాలి.

వానలు మొదలవకముందు, మే నెలాఖరుకు, మీ వీధిలో వాన నీటి మోరీల జాలీల మీద పేరుకున్న ఆకులు, కవర్లు తీయించండి. ఇంటి మరమ్మతు డెబ్రిస్‌ను రాత్రిపూట నాలా పక్కన పోయించే బేరం ఒప్పుకోకండి. ట్రిప్పుకు ఐదువందలు తగ్గుతుందని మేస్త్రీ అంటాడు, ఆ ట్రిప్పే వచ్చే ఏడు పక్క బస్తీలో నడుంలోతు నీళ్లవుతుంది. 2020 అక్టోబర్‌లో పడిన వానకు ఎన్ని కాలనీలు మునిగాయో మర్చిపోలేం కదా. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగినప్పుడు ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ వరద తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. చెరువులు ఈ ఊరికి అందం కోసం ఉన్నవి కావు. ప్లాటు కొనేముందు అది చెరువు ఎఫ్‌టీఎల్‌లో (నిండితే నీళ్లు చేరే హద్దులో), దాని చుట్టూ వదలాల్సిన బఫర్‌లో ఉందో లేదో చూసుకుని, ఉంటే కొనకుండా వదిలేయడం కూడా ఊరికి చేసే మేలే. మీ డబ్బులూ మిగులుతాయి.

చెత్త వేరు చేసి ఇస్తే, ఆటోలో అన్నీ కలిపేస్తున్నారు. ఇంకెందుకు వేరు చేయాలి?

ఈ కోపం న్యాయమైనదే. కలిపేస్తే ఫిర్యాదు చేయండి, వేరు చేయడం మాత్రం మానకండి. చెత్త ఆటో అతను అట్టలు, సీసాలు, పాలకవర్లు ఏరుకుని అమ్ముకుంటాడు, అది అతని ఆదాయంలో భాగం. పొడి చెత్తలో సాంబారు కలిస్తే అతనికి అదీ పోతుంది, చేతులూ పాడవుతాయి. పగిలిన గాజును పేపర్లో చుట్టి పైన రాయండి. వాడిన ప్యాడ్లు, డైపర్లు విడిగా చుట్టివ్వండి. చేతికి గ్లౌజులు ఉన్నా లేకపోయినా మన చెత్త తీసే మనిషి మీద మనకుండాల్సిన కనీస మర్యాద ఇది. కలిపి పారేసినదంతా జవహర్‌నగర్ గుట్టకు చేరుతుంది. ఆ వాసన పీల్చేది మనం కాదు, ఆ చుట్టుపక్కల ఊళ్లవాళ్లు.

యాక్సిడెంట్ చూశాను, ఆగితే పోలీసు కేసులో ఇరుక్కుంటానేమో?

ఇరుక్కోరు. మోటారు వాహనాల చట్టంలో 134ఎ సెక్షన్ 2019 సవరణతో వచ్చింది. సదుద్దేశంతో సాయం చేసినవాళ్లమీద సివిల్, క్రిమినల్ బాధ్యత ఉండదు. పేరు చెప్పమని, సాక్షిగా రమ్మని బలవంతపెట్టకూడదు. 108కి ఫోన్ చేయండి. ఆ సర్వీసు 2005 ఆగస్టు 15న మొదలైంది మన హైదరాబాద్‌లోనే. హెల్మెట్ గబుక్కున లాగడం, నోట్లో నీళ్లు పోయడం చేయకండి. మెడకు దెబ్బ తగిలుంటే కదపడం వల్లే నష్టం పెరుగుతుంది. చుట్టూ మూగినవాళ్లను జరిపి, ట్రాఫిక్‌ను పక్కకు మళ్లించినా పెద్ద సాయం చేసినట్టే. వీడియో తీసేవాడు ఎలాగూ ఒకడుంటాడు, వాడి చేత 108కి లొకేషన్ చెప్పించండి.

ఫంక్షన్లో భోజనం మిగిలింది, ఎవరికివ్వాలి?

మిగిలాక కాదు, మిగిలేలా ఉందనిపించగానే పంచే వాళ్లకు ఫోన్ చేయండి. రాత్రి పన్నెండింటికి ఫోన్ చేసి "రెండు వందల మందికి సరిపడా బిర్యానీ ఉంది" అంటే వాళ్లు మాత్రం తినేవాళ్లను ఎక్కడి నుంచి తెస్తారు? వడ్డించిన పాత్రల్లోది కాకుండా వంట పాత్రల్లో మిగిలినదే ఇవ్వండి, పెరుగు పచ్చడి, సలాడ్ పక్కన పెట్టేయండి. రోజూ అన్నం పెట్టేవాళ్లు ఊళ్లో ఉన్నారు. దబీర్‌పురా ఫ్లైఓవర్ కింద 2012 నుంచి మధ్యాహ్నం భోజనం పెడుతున్న సంగతి చాలామందికి తెలుసు. మీ మిగులు కన్నా అలాంటి చోట నెలకో బియ్యం బస్తా ఎక్కువ పనికొస్తుంది.

రెడ్‌హిల్స్‌లో నిలోఫర్, ఎంఎన్‌జే క్యాన్సర్ ఆస్పత్రులు పక్కపక్కనే ఉంటాయి. జిల్లాల నుంచి వచ్చిన పేషెంట్ల తాలూకు మనుషులు ఎందరో బయటే పడుకుంటారు. పుట్టినరోజుకు అరటిపళ్లు పంచి ఫొటో దిగేముందు, వాళ్లకేం కావాలో అడగండి. ఒక్కోసారి చాప, దోమల కాయిల్, ఫోన్ ఛార్జింగ్, ఏ కౌంటర్‌కు వెళ్లాలో చెప్పే మనిషి, ఇవే అడుగుతారు.

డబ్బు లేదు, బలమూ లేదు. చదువు మాత్రం ఉంది. పనికొస్తుందా?

చూపులేని విద్యార్థులకు పరీక్షల్లో స్క్రైబ్ కావాలి, అంటే వాళ్లు చెప్తుంటే రాసిపెట్టే మనిషి. డిగ్రీ, పోటీ పరీక్షల సీజన్లో దొరక్క అల్లాడిపోతారు. ఒప్పుకుంటే ఒక్కటే షరతు, ఆ రోజు తప్పకుండా వెళ్లాలి. మీరు రాకపోతే వాళ్ల ఏడాది పోతుంది. చెప్పింది చెప్పినట్టే రాయాలి. మీకు జవాబు తెలిసినా సరిదిద్దకూడదు. స్క్రైబ్ చదువు ఎంత ఉండాలన్న నిబంధన పరీక్షను బట్టి మారుతుంది కాబట్టి ముందే కనుక్కోండి. పాఠాలు చదివి రికార్డు చేసి పంపడం ఇంట్లో కూర్చుని కూడా చేయొచ్చు.

పక్క ఫ్లాట్‌లో చిన్నపిల్లను పనికి పెట్టుకున్నారు. చెప్తే పగ అవుతుందేమో?

పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయండి. పేరు చెప్పక్కర్లేదు. పద్నాలుగేళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదని 2016 సవరణ తర్వాత చట్టం స్పష్టంగా చెప్తోంది. "మేం చదివిస్తున్నాం కదా" అంటారు. స్కూలు బ్యాగు ఎప్పుడైనా కనిపించిందా? లేకపోతే ఇంకో ఆలోచన వద్దు.

నేను ఇన్‌కం ట్యాక్స్ కట్టను. నా వంతు ఏమీ లేనట్టేనా?

సబ్బు కొన్నా, ఫోన్ రీచార్జ్ చేసినా జీఎస్టీ కడుతున్నారు. ఇంటి పన్ను ఏప్రిల్‌లోనే కట్టేస్తే ఎర్లీబర్డ్ కింద ఐదు శాతం తగ్గింపు ఇస్తుంటారు. 

జనగణనకు వివరాలు చెప్పడం క్షేమమేనా?

క్షేమమే. 1948 చట్టం ప్రకారం మీరు చెప్పిన వివరాలు రహస్యం, కోర్టులో సాక్ష్యంగా కూడా వాడటానికి లేదు. 2011 తర్వాత జరుగుతున్న లెక్క ఇది, 2027 మార్చి 1 నాటి జనాభాను లెక్కిస్తారు. ఇంటికొచ్చే ఎన్యూమరేటర్లలో ఎక్కువమంది గవర్నమెంటు టీచర్లే. గేటెడ్ కమ్యూనిటీ వాచ్‌మన్ వాళ్లను గేటు దగ్గరే ఆపేయకుండా ముందే చెప్పిపెట్టండి. ఎండలో వస్తారు, ఒక గ్లాసు మంచినీళ్లివ్వండి.

మొక్కలు నాటుదామనుకుంటున్నాం, ఎన్ని నాటాలి?

మూడు వేసవులు నీళ్లు పోయగలిగినన్ని. జీవితమంతా మొక్కలు నాటిన, ఖమ్మం జిల్లాకు చెందిన వనజీవి రామయ్య గారికి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పేరు చెప్పి వన మహోత్సవం నాడు గుంత తవ్వేవాళ్లు చాలామందే ఉన్నారు, మార్చిలో బిందె పట్టుకుని వచ్చేవాళ్లే తక్కువ. కరెంటు తీగల కింద పెద్దగా పెరిగే చెట్లు పెట్టకండి, విద్యుత్ శాఖ వాళ్లు తల నరికేస్తారు. వేప, కానుగ, రావి మన నేలకు బాగా వస్తాయి.

సైన్యంలాంటిదేదైనా పార్ట్‌టైమ్‌గా చేయొచ్చా?

టెరిటోరియల్ ఆర్మీ ఉంది. ఉద్యోగమో వ్యాపారమో ఉన్న 18 నుంచి 42 ఏళ్లవాళ్లు ఆఫీసర్‌గా ప్రయత్నించవచ్చు. పరీక్షలు గట్టిగానే ఉంటాయి. కాలేజీ పిల్లలకైతే ఎన్‌సీసీ, ఎన్‌ఎస్‌ఎస్.

మా వీధిలో సంఘమే లేదు. ఎలా మొదలుపెట్టాలి?

రిజిస్టర్ చేయాలంటే 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురు సభ్యులు, ఒక బైలా కావాలి. కానీ రిజిస్ట్రేషన్‌తో మొదలుపెట్టకండి. అధ్యక్షుడెవరు, కార్యదర్శెవరు అన్న దగ్గరే ఆరు నెలలు పోతాయి. ముందు ఒక్క పని అనుకోండి. వెలగని వీధి దీపాల జాబితా రాయడంలాంటిది, గొడవకు తావులేనిది. ఆదివారం సాయంత్రం ఎవరింటి మెట్ల మీదో కూర్చోండి, అద్దెకున్నవాళ్లను కూడా పిలవండి. ఆడవాళ్లను తప్పకుండా పిలవండి, ఏ స్తంభం దగ్గర చీకటిగా ఉంటుందో వాళ్లకే బాగా తెలుసు. చందా మొదటి నెల అడగొద్దు. లైట్లు వెలిగాక అడిగితే ఇస్తారు.